పదిమందిని కూడగట్టిన ధవళేశ్వరం పంతులు

ధవళేశ్వరం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆనకట్ట, ఆ వెంటనే కాటన్ దొర. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట కథ మన జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆనకట్ట పూర్తయిన 22 ఏళ్లకు అదే ఊళ్లో ఒక బడిపంతులు ఇంకో పని తలపెట్టారు. ఆ సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఆయన వెనుక సర్కారు ఖజానా లేదు, కూలీల దండు లేదు. ఉన్నదల్లా నెల జీతం, చేతిలో కలం, నాలుగు ఊళ్లలో కాసిని పరిచయాలు. ఆ పరిచయాలనే పెట్టుబడిగా పెట్టి ఒక పత్రిక, ఒక అచ్చుకూటం, ఒక బాలికల బడి, చివరికి మన జిల్లాలో అంతదాకా ఎవరూ సాహసించని పెళ్లిళ్లు నడిపించారు. ఆయనే కందుకూరి వీరేశలింగం పంతులు.

రాజమండ్రిలో 1848 ఏప్రిల్ 16న పుట్టారు. తండ్రి సుబ్బరాయుడు, తల్లి పున్నమ్మ. పసితనంలోనే మశూచి పోసి బతికి బయటపడ్డారు. నాలుగో ఏట తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నం చేరదీసి పెంచారు. ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక నలత. దగ్గు, ఉబ్బసం జీవితాంతం వదలలేదు. 13వ ఏట పెళ్లయింది. పెళ్లికూతురు బాపమ్మ. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు పెట్టారు. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి, కథలో ముందు ముందు అసలు బరువంతా ఈమె మీదే పడుతుంది.

ఆ రోజుల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన కుర్రవాడికి రెండు దారులు కనిపించేవి. ఒకటి కచేరీలో గుమాస్తాగిరీ, రెండోది వకీలు పని. కచేరీలో లంచం ముట్టని చేయి ఉండదని, వకీలుకు అబద్ధం ఆడక తప్పదని తోచి వీరేశలింగం రెంటికీ నమస్కారం పెట్టారు. మిగిలింది బడి. 1872 ప్రాంతంలో కోరంగిలో పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి, అక్కడి నుంచి ధవళేశ్వరం ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా వచ్చారు. అప్పటికి ఆయన ఇంకా యువకుడే.

అప్పటి ధవళేశ్వరం

ఆనాటి ధవళేశ్వరం మామూలు పల్లెటూరు కాదు. ఆనకట్ట మరమ్మతులకు, కాలవల పనులకు అదే కేంద్రం. పబ్లిక్ వర్క్స్ కార్యాలయాలు, వర్క్‌షాపు, ఇంజనీర్లు, ఓవర్సీర్లు, గుమాస్తాలు, లెక్కలు రాసేవాళ్లు అందరూ అక్కడే. జీతం తీసుకునేవాళ్లు, చదువొచ్చినవాళ్లు, బదిలీ మీద నేడు ఈ ఊరు, రేపు ఇంకో ఊరు తిరిగేవాళ్లు. కొండ మీద జనార్దనస్వామి గుడి, కింద లాకులు, కాలవల్లో పడవలు. కాకినాడ కాలవ అక్కడి నుంచే బయలుదేరుతుంది. రైలు ఇంకా రాని రోజులవి. గోదావరి మీద రైలు వంతెన పూర్తవడానికి 1900 దాకా ఆగవలసి వచ్చింది. మనుషులైనా, ఉత్తరాలైనా, సరుకైనా చాలామట్టుకు కాలవ దారినే ప్రయాణం.

పత్రిక పెట్టదలచినవాడికి ఇంతకన్న మంచి మకాం ఏముంటుంది? ఒక గుమాస్తా చందా కట్టి మూడు నెలలకు బదిలీ అయితే పత్రిక కూడా అతని వెంట కొత్త ఊరు వెళ్తుంది. అక్కడ మరో ఇద్దరు చూస్తారు. కరణానికి, బడిపంతులుకు, తాలూకా కచేరీ ఉద్యోగికి చేతులు మారుతుంది. పంతులుగారు ఇదంతా లెక్క వేసుకుని మొదలుపెట్టారని అనలేం గాని, ఊరి స్వభావం ఆయనకు కలిసివచ్చిందనడంలో సందేహం లేదు.

1874 అక్టోబరులో ‘వివేకవర్ధని’ వెలువడింది. మొదట మాసపత్రిక, తరవాత పక్షపత్రిక, ఆపైన వారపత్రిక అయింది. అదే ఏడాది ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి కూడా తెరిచారు. ఆడపిల్ల చదివితే మొగుడు చస్తాడని జనం నమ్మే కాలంలో పిల్లల్ని బడికి పంపడానికి తల్లిదండ్రుల్ని ఒప్పించడం అంటే ఒక్కొక్క గడపా ఎక్కి దిగడమే. పత్రిక నడిపినా, బడి నడిపినా ఆయన పద్ధతి ఒక్కటే. ముందు తెలిసినవాడిని పట్టుకోవడం, అతని ద్వారా తెలియనివాడి దగ్గరకు పోవడం.

మొదట్లో పత్రికను చెన్నపట్నంలో అచ్చు వేయించేవారు. వ్రాత ధవళేశ్వరంలో, అచ్చు చెన్నపట్నంలో, చదివేవాళ్లు గోదావరి, కృష్ణా జిల్లాల్లో. కాకినాడ రేవు నుంచి ఓడ మీద చెన్నపట్నం పోయే కాలంలో ఈ ఏర్పాటు ఎంత యాతనో ఊహించుకోవచ్చు. అచ్చులో ఒక తప్పు దొర్లితే దాన్ని దిద్దడానికి రోజులు పట్టేవి. వార్త చేతికి వచ్చేసరికి పాతబడిపోయేది. పత్రిక నిలవాలంటే అచ్చుకూటం దగ్గరలో ఉండాలని పంతులుగారికి త్వరలోనే తెలిసివచ్చింది.

ఇంకొకటి కూడా తెలిసివచ్చింది. అప్పటిదాకా ఆయన మహా పండితుడు. పెదవులు తగలని అక్షరాలతో, అచ్చ తెనుగులో, వచనం లేకుండా ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ రాసిన మనిషి. పేరు చదవడానికే ఊపిరి పట్టాలి. అలాంటి భాషతో పత్రిక నడిపితే చదివేవాడు పండితుడొక్కడే. చందా కట్టే గుమాస్తాకు, కరణానికి అర్థం కాదు. అందుకని ఆయన తన భాషనే దించుకున్నారు. గ్రాంథికం పూర్తిగా వదలకపోయినా తేలిక వచనం రాయడం మొదలుపెట్టారు. పదిమందితో పని ఉన్నవాడు పదిమందికీ తెలిసే మాట మాట్లాడక తప్పదు. తెలుగు వచనానికి ఆ అవసరం వల్ల కలిగిన మేలు ఇంతా అంతా కాదు.

స్నేహితుల వాటాలు

ధవళేశ్వరంలో రెండేళ్లు పనిచేసి రాజమండ్రి చేరుకున్నారు. దూరం నాలుగైదు మైళ్లే గాని మార్పు పెద్దది. స్నేహితులతో కలిసి అక్కడే అచ్చుకూటం పెట్టారు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. ముద్రాయంత్రం, సీసపు అక్షరాలు, కాగితం, సిరా, అక్షరాలు కూర్చేవాళ్ల జీతాలు, అన్నీ డబ్బే. అలాగని శ్రీమంతుడి దగ్గర అప్పు తెస్తే అతని మీద ఒక్క ముక్క రాయడానికి వీలుండదు. తనలాంటి చిన్న ఉద్యోగులను, చదువుకున్న యువకులను చేర్చుకుని బరువు పంచుకోవడం అన్నివిధాలా మేలయింది. అచ్చుకూటం తనది అయ్యాక పత్రికే కాదు, పుస్తకాలు కూడా తన ఇష్టం వచ్చినప్పుడు వేసుకునే వీలు కలిగింది.

ఆ స్నేహితుల్లో బసవరాజు గవర్రాజు పేరు ముందు చెప్పుకోవాలి. వయస్సులో చిన్నవాడైనా పంతులుగారికి కుడిభుజంగా నిలిచాడు. ఆత్మూరి లక్ష్మీనరసింహం మరొకరు. 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం వెలసింది. ఆదివారం సాయంత్రాలు కలుసుకోవడం, మంచిచెడ్డలు మాట్లాడుకోవడం, చివరికి ఏదో ఒక పని నెత్తికెత్తుకుని ఇంటికి పోవడం. తరవాత కొన్నేళ్లకు న్యాపతి సుబ్బారావు పంతులు రాజమండ్రిలో వకీలుగా స్థిరపడి, వివేకవర్ధని ఇంగ్లీషు భాగం చూసేవారు. వకీలు వృత్తిని కాదన్న మనిషికి ఒక వకీలే పెద్ద అండ కావడం ఒక విచిత్రం. ఇంగ్లీషు పుటలు ఉండడం వల్ల పత్రిక దొరల బల్లల మీదకు కూడా వెళ్లింది. తెలుగు తెలియని జిల్లా అధికారికి ఊళ్లో ఏం జరుగుతున్నదో చెప్పడానికి అంతకు మించిన సాధనం లేదు.

ఇదే కాలంలో రాజమండ్రి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా చేరి 1899 దాకా ఉన్నారు. ఈ ఉద్యోగం వల్ల జీతం సంగతి అలా ఉంచి, రెండు దశాబ్దాల పైచిలుకు ఏటేటా కొత్త శిష్యులు చేతికి వచ్చారు. చదువు ముగించి వాళ్లు ఉద్యోగాలకు వెళ్లిన ప్రతి ఊళ్లోనూ పంతులుగారికి ఒక మనిషి ఉన్నట్టే. వర్తకుడు ఏళ్ల తరబడి పేర్చుకునే ఖాతాదారుల కన్న గట్టి బలగం అది.

పత్రికలో ఆయన కచేరీల్లో లంచాలు, న్యాయస్థానాల్లో అక్రమాలు, భోగం మేళాలు, కన్యాశుల్కం, బాల్య వివాహాలు, అన్నిటి మీదా రాశారు. లంచగొండితనాన్ని ఎండగడుతూ రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని 1880లో శిష్యుల చేత నాటకంగా ఆడించారు. చెన్నపట్నంలో కొక్కొండ వెంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషా సంజీవని’ పత్రిక ద్వారా స్త్రీ విద్యను వ్యతిరేకిస్తుంటే, దానికి జవాబు చెప్పే పనిలో ‘హాస్య సంజీవని’ పుట్టింది. ఇద్దరు పండితుల కలహంలో తెలుగువాళ్లకు హాస్య పత్రిక దొరికింది. లాభమే.

అయితే ఇలా రాయాలంటే కబురు అందించేవాళ్లు కావాలి. ఏ కచేరీలో ఏం జరిగిందో బయటివాడికి తెలియదు. లోపలి గుమాస్తాయే చెప్పాలి. చందాదారుడే విలేకరి కావడం అంటే ఇదే. పత్రిక చదివేవాళ్లకు, పత్రికకు సమాచారం ఇచ్చేవాళ్లకు మధ్య గోడ లేదు. పంతులుగారి మాట జిల్లాలో చెల్లిందంటే కారణం ఆయన కలం ఒక్కటే కాదు. ఆ కలానికి సిరా అందించిన పేరులేని మనుషులు ఊరూరా ఉన్నారు.

ధవళేశ్వరాన్ని ఆయన మరచిపోలేదు. వివేకవర్ధనిలో వరసగా ప్రచురించి 1880లో పుస్తకంగా తెచ్చిన ‘రాజశేఖర చరిత్రము’ కథ మొదలయ్యేది ధవళేశ్వరంలోనే. తెలుగులో తొలి నవలల్లో ఒకటిగా పేరు పొందిన ఆ పుస్తకాన్ని హచిన్సన్ అనే దొర ఇంగ్లీషులోకి మార్చగా 1887లో లండనులో అచ్చయింది. మన ఊరి కొండ, గుడి, గోదావరి రేవు అలా సముద్రాలు దాటి వెళ్లాయి.

పెళ్లి పందిట్లో పరీక్ష

ఇంతవరకు స్నేహితులు అడిగినది ఇచ్చారు. పత్రికకు చందా, అచ్చుకూటానికి వాటా, సభకు హాజరు. వీటివల్ల ఎవరి కొంపా మునగదు. 1879 ఆగస్టు 3న రాజమండ్రిలో పంతులుగారు వితంతు వివాహం మీద ఉపన్యాసం ఇచ్చారు. అక్కడి నుంచి లెక్క మారింది.

కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషి ఫలితంగా వితంతువుల పెళ్లిళ్లు చెల్లుతాయని 1856లోనే చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది. మన జిల్లాలో పెళ్లి మాత్రం ఒక్కటీ జరగలేదు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు పెళ్లి చేసి, పెనిమిటి పోతే తల గొరిగి మూల కూర్చోబెట్టే ఇళ్లు అగ్రహారాల నిండా ఉన్నాయి. ఉపన్యాసం తరవాత శాస్త్రార్థాలు, ఖండన మండనలు, కరపత్రాలు జోరుగా సాగాయి. పరాశర స్మృతిలో వచనం ఉందని ఈయన, లేదని వాళ్లు. ఈ వాదం ఎంతకాలమైనా సాగేదే. వాదంతో ఏ పిల్ల మెడలోనూ పుస్తె పడదు.

పుస్తె పడాలంటే మూడు కావాలి. పిల్లనిచ్చే తల్లి, పెళ్లాడే కుర్రవాడు, ఖర్చుకు డబ్బు. మూడూ పంతులుగారి చేతిలో లేవు. పరిచయాల ద్వారానే రావాలి.

డబ్బు కాకినాడ నుంచి వచ్చింది. అక్కడి వర్తక ప్రముఖులు పైడా రామకృష్ణయ్య ఈ పనికి 10 వేల రూపాయలు ఇస్తామన్నారు. ఆ రోజుల్లో అది ఎంత మొత్తమో చెప్పనక్కర లేదు. బడిపంతులుకూ, రేవు వర్తకుడికీ ఏం చుట్టరికం? పత్రికా, పత్రిక తెచ్చిన పేరూ ఆ ఇద్దరినీ కలిపాయి. కొత్త దంపతులను పుట్టింటివారు, అత్తింటివారు గెంటివేస్తారని, వాళ్లకు కాపురం పెట్టించి కొన్నాళ్లు పోషించాలని ముందే తెలుసు. డబ్బు అందుకే.

పిల్ల కృష్ణా జిల్లా తిరువూరు వైపు నుంచి వచ్చింది. పేరు గౌరమ్మ, వయస్సు 12 ఏళ్లు. తల్లి ధైర్యం చేసి ఒప్పుకుంది. ఆ తల్లి ధైర్యానికి చరిత్రలో దక్కవలసిన చోటు దక్కలేదనే చెప్పాలి. బంధువులకు తెలియకుండా ఆ పిల్లను రాజమండ్రి చేర్చడానికి మధ్యలో ఎందరో నమ్మకస్తులు పనిచేశారు. వరుడు గోగులపాటి శ్రీరాములు.

1881 డిసెంబరు 11 రాత్రి పంతులుగారి ఇంట్లో పెళ్లి జరిగింది. ఊరు ఊరంతా అట్టుడికింది. పెళ్లి చెడగొడతామని కొందరు, మేళం రాకుండా చేస్తామని కొందరు. శిష్యులు ఇంటి చుట్టూ కాపలా కాశారు. పోలీసులు బందోబస్తు ఇచ్చారు. పెళ్లి అయింది. నాలుగు రోజులకు, 15న, రెండో పెళ్లి కూడా అయింది.

అసలు పరీక్ష ఆ తరవాత వచ్చింది. పెళ్లికి వచ్చినవాళ్లు, భోజనం చేసినవాళ్లు అందరూ వెలి అని మఠం నుంచి శ్రీముఖం వచ్చింది. వెలి అంటే ఈ కాలంవారికి అర్థం కాకపోవచ్చు. ఇంట్లో ఆబ్దికం పెడితే భోక్త రాడు. పురోహితుడు గడప తొక్కడు. ఆడపిల్లకు సంబంధం రాదు. చావు వస్తే మోసేవాళ్లు ఉండరు. ఉత్సాహంగా ముందుకు వచ్చిన స్నేహితులకు ఇళ్లల్లో తల్లులు, పెళ్లికెదిగిన చెల్లెళ్లు, కూతుళ్లు ఉన్నారు. ఒక్కొక్కరే వెనక్కు తగ్గారు. కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకుని కులంలో కలిసిపోయారు.

వాళ్లను పిరికివాళ్లని తీసిపారేయడం తేలిక. చందా ఇచ్చే స్నేహానికి, వెలి భరించే స్నేహానికి చాలా తేడా ఉంది. మొదటిది ఇస్తానని వచ్చినవాడిని రెండోది అడిగితే ఎంతమంది నిలుస్తారు? ఆ రోజుల్లో నిలిచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గవర్రాజు నిలిచాడు. పాపం, చిన్న వయస్సులోనే పోయాడు. ఆ లోటు పంతులుగారికి తీరలేదు.

అందరికన్నా గట్టిగా నిలిచినది ఇంట్లోనే ఉంది. వంటవాళ్లు మానేశారు. నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసుకుని గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లివారందరికీ వండి పెట్టారు. ఈ గొడవలోంచి తప్పుకొమ్మని బంధువులు నచ్చజెప్పినా వినలేదు. ఆ తరవాత జరిగిన పెళ్లిళ్లన్నిటికీ పెళ్లికూతుళ్లకు పుట్టిల్లు ఆమె ఇల్లే. పురుడు పోసుకోవడానికి వచ్చినా అక్కడికే రావాలి. పంతులుగారి స్నేహ బలగం అంటూ ఎంతమంది పేర్లు చెప్పినా, అది కూలిపోకుండా పట్టి నిలిపిన గుంజ ఈమె.

పంతులుగారి చేతుల మీదుగా మొత్తం దాదాపు 40 పెళ్లిళ్లు జరిగాయి. అన్నీ సవ్యంగా నడిచాయని కాదు. సాయం డబ్బు కోసమే పెళ్లికి ఒప్పుకున్న వరులు కూడా తగిలారు. డబ్బు అయిపోగానే నిష్ఠూరాలాడినవాళ్లున్నారు. ఇచ్చిన డబ్బుకు లెక్క అడిగే స్నేహితులు ఇంకో వైపు. పంతులుగారిది మొహమాటం లేని స్వభావం, మాట కరుకు. నొచ్చుకుని దూరమైనవారు చాలామందే. పదిమందితో పని జరిపించుకోవలసిన మనిషికి ఈ గుణం నష్టమే. కాని అదే కరుకుతనం లేకపోతే మొదటి పెళ్లే జరిగేది కాదేమో.

రాజమండ్రి దాటి

పాత స్నేహితులు తగ్గినకొద్దీ కొత్త ఊళ్లలో కొత్తవాళ్లు వచ్చారు. చెన్నపట్నంలో మన్నవ బుచ్చయ్య పంతులు అండగా నిలిచారు. 1883లో స్త్రీల కోసం ‘సతీహిత బోధిని’ పత్రిక మొదలైంది. 1890లో రాజమండ్రిలో పురమందిరం వెలసింది. సభ పెట్టుకోవడానికి ఎవరి వరండానూ అడుక్కోనవసరం లేకుండా పంతులుగారు సొంత డబ్బు పెట్టి కట్టించిన టౌన్ హాలు అది. ఒకప్పుడు తన ఇంగ్లీషు పుటలు చూసిన న్యాపతి సుబ్బారావు పంతులు 1891లో ‘చింతామణి’ మాసపత్రిక పెట్టి వీరేశలింగాన్ని సంపాదకులుగా ఉండమన్నారు. పదేళ్ల కింద చేసిన సాయం వేరే రూపంలో తిరిగి వచ్చింది. చింతామణి నవలల పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’తో బహుమతి పొందింది ఆ పోటీలోనే. వీరేశలింగం తరవాతి తరం రచయితలు చాలామందికి మొదటి మెట్టు ఆ పత్రికే.

1893లో ప్రభుత్వం రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. 1898లో చెన్నపట్నంలో జరిగిన సాంఘిక మహాసభకు అధ్యక్షత వహించారు. మహారాష్ట్రకు చెందిన మహాదేవ గోవింద రనడే ఆయనను దక్షిణ దేశపు విద్యాసాగరుడని మెచ్చుకున్నారు. 1899లో చెన్నపట్నం ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా చేరారు. కొన్నేళ్లు అక్కడ ఉండి 1905 ప్రాంతంలో మళ్లీ రాజమండ్రికే చేరుకున్నారు.

అప్పటికి వయస్సు 57. ఒంట్లో ఓపిక తగ్గింది. పిల్లలు లేరు. మూడు దశాబ్దాలుగా ప్రతి పనీ తన మాట మీద, తన ముఖం చూసి ఇచ్చేవాళ్ల మీద నడిచింది. తాను పోతే? ఒక్క మనిషిని చూసి పోగైన స్నేహాలు ఆ మనిషితో పాటే చెదిరిపోతాయి. 1881లో అవి ఎంత త్వరగా చెదురుతాయో ఆయన కళ్లారా చూశారు. అందుకని 1906 డిసెంబరులో హితకారిణి సమాజం స్థాపించారు. సభ్యులు, కార్యవర్గం, నియమాలు అన్నీ రాతపూర్వకం. ఎవరి మొహం చూసో కాకుండా కాగితం చూసి నడిచే ఏర్పాటు. 1908లో ఇల్లు, తోట, అచ్చుకూటం, పుస్తకాల హక్కులతో సహా తన ఆస్తినంతా ఆ సమాజానికి రాసి ఇచ్చారు. వితంతు శరణాలయం, పాఠశాల ఆ సమాజం కిందనే నడిచాయి. కులం పట్టింపు లేకుండా, ఆడ మగ తేడా లేకుండా పిల్లలకు ఆ పాఠశాలలో చదువు చెప్పారు.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు. పంతులుగారు అప్పటికే ‘స్వీయ చరిత్రము’ రాస్తున్నారు. మొదటి భాగం 1911లో, రెండో భాగం 1915లో వెలువడ్డాయి. ఎవరు ఎప్పుడు ఏ సాయం చేశారో, ఎవరు ఎక్కడ చెయ్యి వదిలారో పేర్లతో, తారీఖులతో అందులో కనిపిస్తుంది. చాలామంది పెద్దమనుషులకు అది మింగుడు పడలేదు. ఒక వర్తకుడు తన చిట్టా పుస్తకాన్ని బజార్లో పెట్టి అందరికీ చూపించినట్టయింది. అప్పులు, జమలు, రాని బాకీలు అన్నీ అందులో ఉన్నాయి.

1919 మే 27న చెన్నపట్నంలో వీరేశలింగం పంతులు కన్నుమూశారు. 71 ఏళ్లు బతికారు. రాజమండ్రిలో ఆయన పుట్టిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. హితకారిణి సమాజం పాఠశాలగా మొదలైన చోట ఆయన పేరు మీద ఆస్తిక కళాశాల ఉంది. ఆడపిల్లల కళాశాలకు కందుకూరి రాజ్యలక్ష్మి పేరు పెట్టారు. 1874లో ధవళేశ్వరంలో గడపగడపకూ తిరిగి ఆడపిల్లల్ని బడికి పిలవవలసి వచ్చింది. ఇప్పుడు అదే ఊరి ఆడపిల్లలు పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని రాజమండ్రి బస్సుల కోసం నిలబడుతున్నారు.